చంద్రాపూర్‌లో పది వింతల కోసం రెండు రోజులు

డిసెంబరు 14, శనివారం. ఉదయం ఆరూ నలభై. మంచు, మంచులో కలిసిన బొగ్గు పొగ.

హాజరైనవారు: నేను, బొగ్గు గనిలో సర్వేయరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. నా భార్య సుశీల. మా కొమురయ్య, అదే గనిలో షాట్‌ఫైరర్, అంటే బొగ్గును మందుపెట్టి పేల్చినవాడు. ఏళ్ల తరబడి పేలుళ్ల పక్కన బతికినందువల్ల ఆయన "చాయ్ తాగుదామా" అన్నా వీధి చివరిదాకా వినిపిస్తుంది. వీరితో పాటు ఒక రేంజింగ్ రాడ్. ఎరుపు తెలుపు పట్టీలున్న రెండు మీటర్ల కర్ర అది. రిటైరైన రోజున శాలువాతో పాటు ఇచ్చారు. శాలువాను చిమ్మటలు తిన్నాయి, కర్ర మిగిలింది.

గైర్హాజరు: నా మోకాళ్ల డాక్టరుగారి అనుమతి.

సొంత ఊరు చూడటానికి యాత్ర ఏమిటని మీరు అడగవచ్చు. మా ఇంట్లో కూడా అడిగారు. జరిగింది ఇది. మరాఠీ వాళ్ల ఈ ఊళ్లో మా ఇల్లు బాబుపేటలో. పక్క సందులో కట్టెల డిపో నడిపే బాబూరావుకు మా స్థలం మీద ఎప్పటినుంచో కన్ను. దాన్ని కొని గోదాము కట్టుకుంటాడట. సోమవారం పొద్దున తొమ్మిదింటికి బయానాతో వస్తానని కబురు పంపాడు. మంచిర్యాలలో సుశీల వాళ్ల అక్క ఉంది. అక్క ఇంటి పక్కనే ఒక చిన్న ఇల్లు ఖాళీగా ఉంది. సుశీల మనసు అక్కడికి పోయి చాలా రోజులైంది.

"నలభై ఒక్క ఏండ్లాయె ఈ ఊరికొచ్చి," అంది. "యాడికి తీస్కపోయినవయ్యా నన్ను? మహాకాళమ్మ గుడికి, దవాఖానకు, రైలు స్టేషన్‌కు. ఇగ ఈ ఊర్ల ఏం చూస్కుంట కూసోవాలె?"

ఈ ఊరి కింద నేను ముప్పై నాలుగేళ్లు తిరిగాను. ఏ టీకొట్టు కింద ఏ గ్యాలరీ, అంటే గనిలోని ఏ సొరంగం, ఎంత లోతున పోతుందో ఇప్పటికీ కళ్లు మూసుకుని చెప్పగలను. ఆ కొట్లో టీ ఎట్లా ఉంటుందో చెప్పలేను. పైన తిరగలేదు. అయినా ఈ ఊరు వదలడమంటే నాకు కాళ్ల కింద నేల తీసేసినట్టే ఉంది. పైన కాకపోయినా కింద ఉన్నది నా ఊరే కదా.

కాబట్టి శుక్రవారం సాయంత్రం డైరీలో ఒప్పందం రాసుకున్నాం. శని, ఆదివారాల్లో సుశీలకు ఆమె చూడనివి పది చూపించాలి. ఒక్కోదానికి ఫోటో ఉండాలి, ఎందుకంటే అక్కకు పంపాలి. తినేవి లెక్కలోకి రావు. ఈ షరతు నేనే పెట్టాను, మొదటి గంటలోనే చింతించాను. చూడదగ్గదా కాదా అని తేల్చేది సుశీల ఒక్కతే. పది చూపిస్తే బాబూరావును వెనక్కు పంపేస్తాం. కొమురయ్య సాక్షి సంతకం పెట్టాడు. సుశీల కొంగుకు ఎడమవైపు ముడిలో పది చింతపిక్కలు కట్టుకుంది. ఒక్కోటి ఒప్పుకున్నప్పుడల్లా ఒక పిక్క కుడి ముడిలోకి పోతుంది.

జట్‌పురా గేటు

గోండు రాజుల కోట గోడ ఇప్పటికీ మా పాత ఊరి చుట్టూ ఉంది. నాలుగు దిక్కుల నాలుగు గేట్లు, మధ్యలో ఖిడ్కీలని పిలిచే చిన్న ద్వారాలు. గోడ వెంట తిరిగితే పని సులువవుతుందని నా పథకం. జట్‌పురా గేటు దగ్గర మొదలుపెట్టాం. ఆ పొద్దుటి వేళ కూడా గేటు కింద మూడు ఆటోలు, ఒక కూరగాయల బండి, ఒక ఆవు ఒకేసారి దూరాలని చూస్తున్నాయి. ఆవే ముందు బయటపడింది.

"ఇదా?" అంది సుశీల. "దీని కిందకెల్లి వెయ్యిసార్లు పోయిన. చూడనిది చూపెడ్తనని రాసినవ్ గద."

"ఎన్నడన్న తల పైకెత్తి చూసినవా?" అన్నాను.

ఆటోలో కూర్చుని గేటు దాటేవాళ్లు ఎవరూ తల బయట పెట్టరు. సుశీల పైకి చూసింది. రాతిలో చెక్కిన సింహం, దాని కాళ్ల కింద ఏనుగు. సింహం పెద్దది, ఏనుగు చిన్నది. చెక్కినవాడికి ఎవరి మీద అభిమానమో తెలిసిపోతూనే ఉంది.

"అయ్యో, ఏన్గు పిల్లిపిల్ల లెక్కున్నది," అంది. కాసేపు చూసి, "సరే," అని ఒక పిక్క మార్చింది.

ఇక్కడ నా ఫోటోల పద్ధతి చెప్పాలి. సర్వేలో ముందు చూపు, వెనక చూపు అని రెండుంటాయి. నిలబడ్డ చోటి నుంచి ముందుకొకసారి, వెనక్కొకసారి చూసి రెండూ సరిపోల్చుకుంటే తప్పు దొర్లదు. అందుకని ప్రతి చోటా ముందు చూపు ఫోటో నా కెమెరాతో నేను తీస్తాను. అదే సమయంలో అవతలి వైపు నుంచి వెనక చూపు ఫోటో కొమురయ్య తన ఫోన్‌తో తీస్తాడు. కొలత తెలియడానికి సుశీల కర్ర పట్టుకుని నిలబడుతుంది.

"నన్నెందుకయ్యా నిలబెడ్తున్నవ్, గేటు ఎంత ఎత్తుంటె మా అక్కకేంది?"

"కొలత లేని ఫోటో ఫోటోనే కాదు."

"మా పెండ్లి ఫోటోల ఏ కట్టె ఉన్నది?"

"నువ్వున్నవ్ గద వదినె, గంతే ఎత్తు," అని కొమురయ్య అరిచాడు. ఆటోవాళ్లు కూడా నవ్వారు.

తరువాత తర్రీ పోహా. మన వైపు అటుకుల ఉప్మా అంటే పొడిగా, పసుపుపచ్చగా, జ్వరం నుంచి లేచినవాడికి పెట్టేట్టు ఉంటుంది. ఇక్కడ దాని మీద శనగలు వేసిన ఎర్రటి మసాలా పులుసు గరిటెడు పోస్తారు. దాన్నే తర్రీ అంటారు. ప్లేటు ముప్పై రూపాయలు. బండి అతను నన్ను చూసి "కాకా, తర్రీ కమ్ దూ క్యా?" అన్నాడు. తక్కువ వెయ్యమంటావా అని. సర్వేయరును అట్లా అడిగితే ఏమంటాను? నిండా పొయ్యమన్నాను. ఆ తరువాత పది నిమిషాలు నా కళ్లలోంచి నీళ్లు కారుతుంటే సుశీల ఆనందంగా రెండో ప్లేటు తింది.

"ఇది లెక్కల పట్టుకుందునయ్యా," అంది. "నువ్వే వద్దంటివి."

గోడ మీద మేక

గేటు నుంచి తూర్పుగా గోడ ఎక్కి నడవవచ్చు. గోడ పైన ఇద్దరు పక్కపక్కన నడిచేంత వెడల్పు ఉంది. ఒకవైపు ఇళ్లు దానికి ఆనుకునే ఉన్నాయి. గోడ మీదే పచ్చళ్ల జాడీలు, ఆరేసిన దుప్పట్లు, ఒకచోట సైకిలు. రాజులు శత్రువుల కోసం కట్టినది ఇప్పుడు వడియాలకు పనికొస్తోంది. దేనికి కట్టినా పనికొస్తే చాలు.

బగడ్ ఖిడ్కీ దగ్గర ఆగాం. ఖిడ్కీ పైనుంచి రామాలా చెరువు కనిపిస్తుంది. చెరువు మీద మంచు, మంచులోంచి తలలు మాత్రమే కనపడే నీటి కోళ్లు. సుశీల రెండో పిక్క మార్చింది. నేను ముందు చూపు ఫోటో తీయడానికి డైరీ పిట్టగోడ మీద పెట్టి, ఒక మోకాలు నేలకానించి, కర్ర నిట్టనిలువుగా ఉందో లేదో చూస్తున్నాను.

"అన్నా!" అని కొమురయ్య కేక. ఆయన మాట ఎప్పుడూ కేకే కాబట్టి నేను పట్టించుకోలేదు.

"అన్నా, డైరీ!"

వెనక్కి తిరిగేసరికి నల్ల మేక ఒకటి డైరీలో ఒక పేజీ తినేసి రెండో పేజీ మొదలుపెట్టింది. నాకు పద్నాలుగేళ్ల వయసు నుంచి డైరీ అలవాటు. వరదలు, ఎలుకలు, సుశీల పాతపేపర్ల అమ్మకాలు అన్నీ తట్టుకున్న డైరీలు నావి. గోడ మీద మేకలు మేపుకునే ముసలాయన తాపీగా వచ్చి దాన్ని చెవి పట్టి లాగాడు.

"సాబ్, మాఫ్ చెయ్యుండ్రి," అన్నాడు మా భాషలోనే, ఉర్దూ యాసతో. "దీనికి కాగితమంటె పాణం. మా మనుమడి పది క్లాసు పుస్తకాలు మొత్తం తిన్నది. వాడు ఫేల్, ఇది పాస్."

"ఏం రాసిండ్రు సారూ అండ్ల?" అని ఆయనే అడిగాడు.

"జట్‌పురా గేటు కొలతలు," అన్నాను.

"ఫికర్ చెయ్యకుండ్రి. గేటు యాడికీ పోదు."

సుశీల నవ్వు ఆపుకోలేక పిట్టగోడ పట్టుకుంది. కొమురయ్య అడిగాడు, "వదినె, మేకను లెక్కల పట్టుకుంటవా?"

"మేకలు మస్తు చూసిన. మీ అన్న డైరీ తిన్న మేకను ఇయ్యాల్నే చూస్తున్న. పట్టుకో."

మూడో పిక్క కుడి ముడిలోకి పోయింది. న్యాయంగా అయితే అభ్యంతరం చెప్పాలి. కానీ లెక్క నా పక్షాన పెరుగుతోంది కాబట్టి చెప్పలేదు.

అంచలేశ్వర్ గేటు నుంచి పఠాన్‌పురా దాకా

అంచలేశ్వర్ గేటు దగ్గర గోండు రాజుల సమాధులున్నాయి. మహాకాళి గుడికి ఏడాదికి నాలుగుసార్లు వస్తాం, గేటు పక్కగా ఇన్నేళ్లు నడిచాం, ఒక్కసారి కూడా లోపలికి పోలేదు. గుమ్మటాల కింద చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. కొమురయ్య కూడా గొంతు తగ్గించాడు. ఆయన గొంతు తగ్గించడం నేను రెండోసారి చూశాను. మొదటిసారి మా గనిలో ఇద్దరు పోయిన రోజు. నాలుగో పిక్క.

తరువాత ఝర్‌పట్ వాగు ఒడ్డున ఒక ఫోటో కోసం వెనక్కి వెనక్కి నడిచాను. ఫ్రేములో కర్ర పైకొన నుంచి కింది మొన దాకా సరిగ్గా పట్టాలని నా పట్టుదల. మూడో అడుగుకు కుడి బూటు బురదలో దిగబడింది. కాలు వచ్చింది, బూటు రాలేదు. కొమురయ్య కర్ర తీసుకుని బురదలో గుచ్చి వెతికాడు. సుశీల పైనుంచి, "లోతు ఎంతున్నదో రాస్కో, కొలత లేకపోతె ఎట్ల," అని గుర్తు చేసింది. బూటు దొరికింది. దాంట్లో ఒక చిన్న పీత కూడా దొరికింది. దాన్ని సుశీల లెక్కలోకి తీసుకోలేదు.

పఠాన్‌పురా గేటు చేరేసరికి ఒంటిగంట. ఈ గేటు దగ్గర రద్దీ తక్కువ. గేటు నీడలో ఒకావిడ సంత్రాలు, అంటే కమలాపళ్లు, అమ్ముతోంది, కిలో అరవై. మన వైపు బత్తాయిలకు చేసినట్టు చేతిలో బరువు చూడబోతే, "బావూ, సంత్రా హాత్‌నే నాయ్, నాకానే," అని ఒకటి నా ముక్కు దగ్గర పెట్టింది. సంత్రాను చేత్తో కాదు, ముక్కుతో ఎంచాలట. ముప్పై నాలుగేళ్లు బొగ్గు ధూళి పీల్చిన ముక్కు అది. ఏ కాయైనా ఒకటే వాసన. సుశీల వాసన చూసి ఎంచింది. గేటు కింద కూర్చుని తిన్నాం. తొక్క తీస్తూ ఆమె పైకి చూసింది. ఇక్కడా సింహమే, ఏనుగే. "ఈ సింహానిది మీసమున్న మొఖం," అని ఐదో పిక్క మార్చింది. నాకు మీసం కనిపించలేదు. వాదించలేదు.

మొదటి రోజు లెక్క: ఐదు.

ఆదివారం: లాల్‌పేటలో దారి

ఆదివారం పొద్దున లాల్‌పేట. ఇక్కడ ఊరి చివర పెద్ద పెద్ద రాతి బొమ్మలున్నాయి. ఎవరో పెద్ద వ్యాపారి గుడి కట్టాలని చెక్కించి, గుడి కట్టకుండానే పోయాడని చెప్తారు. బొమ్మలు పడుకున్నవి పడుకున్నట్టే ఉన్నాయి. దారి అడుగుదామని కొమురయ్య అన్నాడు. నేను వద్దన్నాను. ఈ కిందంతా నేను కొలిచినదే. దిక్సూచి తీసి ముందు నడిచాను.

ఒక సందు, రెండు సందులు, మూడో సందు చివర తలుపు. తలుపు తీసే ఉంది. నా మనసులోని గని పటం ప్రకారం దారి నేరుగా పోవాలి కాబట్టి నేరుగా పోయాను. వాకిలి, వాకిలి తరువాత వంటిల్లు. వంటింట్లో ఒక పెద్దావిడ జొన్నరొట్టె, ఇక్కడి మాటలో భాకరి, తడుతోంది. నా వెనక సుశీల, కర్రతో. ఆమె వెనక కొమురయ్య.

పెద్దావిడ మమ్మల్ని, కర్రను, మళ్లీ మమ్మల్ని చూసింది. "కరెంటోళ్లా?" అంది.

"ఇక్కడ దారి ఉండాలె," అన్నాను.

"ఎవరు చెప్పిండ్రు?"

కొమురయ్య నా చెవిలో చెప్పానని అనుకున్నాడు. ఇల్లంతా వినపడింది. "అన్నా, గిది కింద దారి. గ్యాలరీ. పైన ఇల్లున్నది."

నిజమే. ముప్పై ఏళ్లు నేను నడిచిన దారిలోనే నడిచాను. కాకపోతే ఆ దారి ఈ పొయ్యికి ఎన్నో అడుగుల లోతున ఉంది. సుశీల చేతులు జోడించి, "మాఫ్ చెయ్యుండ్రి అవ్వా, ఈయన ముప్పై ఏండ్లు భూమి లోపల్నే తిరిగిండు, పైన తొవ్వ తెల్వది," అని చెప్పింది. వాళ్లు రాజురా వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లే. పెద్దావిడ నవ్వి, "మా ఆయన గూడ గంతే బిడ్డా. బజారుకు పోతె ఇంకో ఊర్ల తేల్తడు," అని వేడి భాకరి మీద మిరపకాయల నూరుడు పెట్టి ఇచ్చింది. దాన్ని ఠేచా అంటారు. మన రోటి పచ్చడికి అన్న, మరింత కోపిష్టి.

తింటుంటే సుశీల వెనక వాకిట్లోకి చూసింది. అక్కడ ఒక నల్లరాతి ఏనుగు కాలు. కాలు మాత్రమే, పాదానికి గజ్జెలు చెక్కి ఉన్నాయి. దాని మీద ఒక కోడి కూర్చుని గుడ్డు పెట్టే ప్రయత్నంలో ఉంది.

"ఇదేంది అవ్వా?"

"మా అత్త కాలం నుంచి ఉన్నది. ఏడికెల్లి వచ్చిందో తెల్వదు. కోడి దిగదు."

ఆరో పిక్క. నా తప్పుడు దారి వల్లే ఇది దొరికిందని డైరీలో ప్రత్యేకంగా రాసుకున్నాను.

అవ్వ చూపిన దారిలో పోతే రెండు నిమిషాల్లో బొమ్మలు. అన్నిటికన్నా పెద్దది వెల్లకిలా పడుకుని ఉంది. ఎన్నో తలలు, ఎన్నో చేతులు. జనం రావణుడు అంటారు, పూజారి దుర్గమ్మ అంటాడు. సుశీల దాని చుట్టూ రెండుసార్లు నడిచి, తలలు లెక్కపెట్టి, కొంగు తల మీదికి లాక్కుని దండం పెట్టింది.

"ఎవరైతే ఏంది, గింత పెద్దగ పండుకునుడు మస్తున్నది," అంది. ఏడో పిక్క.

జునోనా దారి

మధ్యాహ్నం ఆటోలో జునోనా చెరువుకు బయలుదేరాం. బాబుపేట నుంచి అడవిలోంచి పోయే దారి. పులులు తిరిగే అడవి కాబట్టి రోడ్డు దిగి లోపలికి పోకూడదు. చెరువుకు ముందే ఆటో దిగి రోడ్డు వెంట నడుస్తుంటే ఆవులు తోలుకుపోతున్న ఒకావిడ కలిసింది, పేరు తానాబాయి. ఆమె మరాఠీ, సుశీల తెలుగు. ఇద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు, ఒక్క మాటకూ అనువాదం అవసరం పడలేదు. పులి వస్తే ఏం చేస్తావని సుశీల అడిగితే, "పులికి నా ఆవులు తెలుసు, నేనూ తెలుసు. మీరే కొత్త," అన్నట్టు చెప్పిందట. తరువాత సుశీల మాకు మరో పావుగంట ధైర్యం చెప్పింది. కొమురయ్యకు ఆ ధైర్యం సరిపోలేదు. తనను తాను కాపాడుకోవడానికి పాట మొదలుపెట్టాడు. ఆ పాటకు చుట్టుపక్కల ఉన్న ప్రతి జంతువూ వెళ్లిపోయి ఉంటుంది.

చెరువు దగ్గర నీళ్లు నిశ్చలంగా, అడవి తలకిందులుగా కనిపిస్తూ ఉన్నాయి. సుశీల చెప్పులు విప్పి నీళ్లలో కాళ్లు పెట్టింది. ఎనిమిది. నేను ఎప్పటిలాగే మోకాలు ఆనించి, కర్ర నిలువు చూసుకుంటున్నాను. సుశీల ఒక చేత్తో కర్ర పట్టుకుని రెండో చేత్తో నన్ను ఊరుకొమ్మంటూ సైగ చేసింది. కొమురయ్య నోరు తెరిచి మూయలేదు. నేను కర్ర మీద దృష్టి పెట్టి, "కదలకు, కదలకు," అంటున్నాను. ఫోటో తీసి లేచేసరికి ఇద్దరూ ఊపిరి వదిలారు.

"పోయింది," అన్నాడు కొమురయ్య. నా వెనక పది అడుగుల దూరంలో పెద్ద మనుబోతు ఒకటి నిలబడి, నేను ఫోటో తీసినంతసేపూ నన్నే చూసి, విసుగొచ్చి పోయిందట.

"తొమ్మిది," అంది సుశీల. "నువ్వు తప్ప అందరం చూసినం."

పదోదాని కోసం పొద్దు వంగేదాకా తిరిగాం. చీమల పుట్ట చూపించాను, ఒప్పుకోలేదు. మోదుగ చెట్టు చూపించాను, "పువ్వులున్నప్పుడు చూపెట్టు" అంది. తిరిగి వస్తుంటే దూరంగా దుర్గాపూర్ వైపు కరెంటు స్టేషను పొగగొట్టాలు సాయంకాలపు ఎరుపులో నిలబడి ఉన్నాయి. నిజంగా బాగున్నాయి. వాటిని చూపించాను.

"అయి రోజూ చూస్తున్న," అంది. "అండ్లకెల్లి వచ్చే దుమ్ము తుడిచేది ఎవరనుకున్నవ్?"

ఆటో మా సందులోకి తిరిగింది. తొమ్మిది దగ్గరే ఆగిపోయాం.

ఆదివారం సాయంత్రం: ఫోటోలు

టీ తాగుతూ ఫోటోలు చూశాం. నావి నలభై రెండు. కెమెరా తెర చిన్నది, తీసేటప్పుడు కర్ర నిలువుగా ఉందా లేదా అన్నదే చూశాను. ఇప్పుడు అద్దాలు పెట్టుకుని చూస్తే ప్రతి ఫోటోలో కర్ర ఉంది. పైకొన నుంచి కింది మొన దాకా, వెంట్రుకవాసి వంకర లేకుండా. కర్ర రెండు మీటర్లు కాబట్టి ప్రతి ఫోటో రెండు మీటర్ల ఎత్తుకే ఆగింది. జట్‌పురా గేటు అంటే నాలుగు ఆటో చక్రాలు, గేటు పాదం. పఠాన్‌పురా అంటే సంత్రాల బుట్ట. సింహం లేదు, ఏనుగు లేదు, చెరువు లేదు. అన్నిట్లోనూ కర్ర పట్టుకున్న సుశీల చెయ్యి మాత్రం ఉంది, నాలుగు గాజులతో. చెయ్యి చాచి పక్కకు నిలబడ్డ మనిషి ఫ్రేములోకి రాలేదు.

"నలభై రెండు సార్లు నిలబడ్డ," అంది సుశీల. "గాజులు మంచిగ పడ్డయ్."

కొమురయ్య తన ఫోన్ తీశాడు. వెనక చూపు ఫోటోలు. వాటిలో సుశీల లేదు, గేటు లేదు. అన్నిట్లోనూ నేనే. మోకాలి మీద, మోచేతి మీద, నడుము పైకెత్తి, మెడ వంచి. మేక డైరీ తింటుంటే నేను మరోవైపు చూస్తున్నాను. వాగులో ఒక కాలు బూటుతో, ఒక కాలు బురదతో. జునోనాలో, ఒక చేయి గాలిలో ఎత్తి "కదలకు" అంటున్న నేను, నా వెనక తలెత్తి చూస్తున్న మనుబోతు. మనుబోతు మాత్రం ఫోటోకు చక్కగా నిలబడింది.

సుశీల నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. వాటిలో పదకొండు ఎంచి అక్కకు పంపింది. అక్క నుంచి వెంటనే ఫోన్ వచ్చింది. అటువైపు నుంచి చాలాసేపు నవ్వు తప్ప మాట వినిపించలేదు.

నేను డైరీ తీసి రాశాను: తొమ్మిది మాత్రమే. వాటికీ రుజువు లేదు. ఒప్పందం ప్రకారం ఓడిపోయాను. కింద సంతకం పెట్టాను. కొమురయ్య సాక్షి సంతకం పెడుతూ మూడోసారి గొంతు తగ్గించి, "సారీ అన్నా," అన్నాడు. సుశీల చింతపిక్కలు డబ్బాలో పోసి వంటింట్లోకి పోయింది.

సోమవారం పొద్దున

సరిగ్గా తొమ్మిదింటికి బాబూరావు వచ్చాడు. చేతిలో సంత్రా బర్ఫీ డబ్బా, చంకలో సంచి. నేను కుర్చీ వేశాను. సుశీల మెంతికూర పళ్లెం ఒళ్లో పెట్టుకుని ఎదురుగా కూర్చుంది.

"బాబూరావు, నువ్వు పుట్టిందేడ?"

"గిక్కడనే వహినీ. పఠాన్‌పురాల." వదినను మరాఠీలో వహినీ అంటారు.

"జట్‌పురా గేటు మీద ఏమున్నది?"

బాబూరావు మా ఇంటి కప్పు వైపు చూశాడు. "గేటు మీదనా? గడియారం ఉన్నదా?"

"ఏన్గు మీద సింహం. లాల్‌పేటల పండుకున్న బొమ్మకు తలకాయలెన్ని?"

"ఏ బొమ్మ వహినీ?"

సుశీల మెంతి ఆకు తుంచడం ఆపింది. "పుట్టిన ఊరు చూడనోడివి, నా ఇల్లేం చూస్తవు? గోడలు పడగొట్టి కట్టెలు నింపుతవు. పో, ముందుగాల చూసి రాపో."

"చూసొస్తె ఇస్తరా?"

"చూసైతె రా."

బాబూరావుకు రోషం వచ్చింది. బర్ఫీ డబ్బా అక్కడే పెట్టి, స్కూటరు తీసుకుని పోయాడు. నాకు మనసు ఒప్పలేదు. ఒప్పందం ఒప్పందమే కదా.

"సుశీలా, నేను ఓడిపోయిన. తొమ్మిదే అయినయ్."

"మంచిర్యాలకు ఎన్నిసార్లు పోయినం?"

డైరీలు ఉన్నాయి కాబట్టి చూసి చెప్పగలిగాను. "డెబ్బై మూడు సార్లు."

"ఆడ నేను చూడనిది ఏమన్న ఉన్నదా?"

ఆలోచించాను. చాలా ఆలోచించాను. "లేదు."

"మరి తొమ్మిది ఎక్కువనా, సున్న ఎక్కువనా? సర్వేయరువు గద, నువ్వే చెప్పు."

చెప్పాను. ఆమె మళ్లీ మెంతికూర వైపు తిరిగింది.

పదకొండింటికి సుశీల ఫోన్ మోగింది. బాబూరావు. వెనక జనం గొడవ. "వహినీ, లాల్‌పేటల ఉన్న. ఒకాయన రావణుడంటుండు, ఒకాయన దుర్గమ్మంటుండు, కొట్టుకుంటుండ్రు. నేను ఫోటో తీస్తున్న. ఎంత చేసినా పాదాలే వస్తున్నయ్."

"జెర ఎనుకకు జరుగు," అంది సుశీల. "ఇంకా జరుగు. మా ఆయన లెక్క చెయ్యకు, ఎనుక ఏమున్నదో చూస్కుంట జరుగు."